ఉండాది అనలేదు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇది రెండు మాటల మధ్య ఉన్న చిన్న తేడా గురించిన కథ. దూరం నుంచి వింటే ఆ రెండు మాటలూ ఒకేలా వినపడతాయి. ఒకాయన అలాగే విన్నాడు.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారికి పక్కన, కంపచెట్లు కొట్టేసి చదును చేసిన చోట ఒక రన్‌వే ఉంది. ఏదో ఫ్యాక్టరీ వస్తుందని వేశారు. ఫ్యాక్టరీ రాలేదు. ఊరికే పడి ఉన్న ఆ రన్‌వేను విమానం నడపడం నేర్పే స్కూలు వాళ్ళు తీసుకున్నారు. రెండు చిన్న విమానాలు, ఒక రేకుల షెడ్డు, రెండు గదుల ఆఫీసు. ప్రొద్దుటూరు నుంచి షాహిస్తా రోజూ అక్కడికి బస్సులో వచ్చేది. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. తండ్రి హబీబుల్లా చిలమకూరు నుంచి సిమెంటు లారీ తోలతాడు.

ఆ ఆషాఢంలో ఒక విమానాన్ని పెద్ద రిపేరుకని గుజరాత్ దాకా తీసుకుపోవాల్సి వచ్చింది. అది ఒక్క ఎగురుడులో పోయే దూరం కాదు. ట్యాంకు నిండా పోస్తే ఆ పాత విమానం నాలుగు గంటలు ఎగురుతుంది. అందులోనూ చివరి ముక్కాలు గంట పెట్రోలు ముట్టుకోకూడదు. మబ్బు అడ్డమొచ్చి చుట్టు తిరగాల్సి వస్తే ప్రాణం నిలబెట్టేది అదే. కాబట్టి ఎక్కడెక్కడ దిగి పోయించుకోవాలో నేల మీద ఉండగానే తేల్చుకోవాలి. కార్లకు పోసే పెట్రోలు దానికి పనికిరాదు. నీలం రంగులో ఉండే వేరే రకం కావాలి. అది దొరికే చోట్లు తక్కువ.

స్కూల్లో పాఠాలు చెప్పేవాళ్ళందరికీ పెద్ద ఒకాయన ఉండేవాడు. కాకినాడ వైపు మనిషి. అందరూ చీఫ్ సారు అనేవాళ్ళు. సోమవారం పొద్దున పిల్లలను నిలబెట్టి చెప్పాడు. "శుక్రవారం బయల్దేరాలి. నేను కుడి సీట్లో కూర్చుంటాను. ఎవరు మంచి ప్లాన్ వేస్తే వాళ్ళదే ఎడమ సీటు."

ఎడమ సీటంటే నడిపేవాళ్ళ సీటు. షాహిస్తాకు లైసెన్సు చేతికి రావడానికి ఇలాంటి దూరప్రయాణం ఒక్కటే తక్కువ. ఇది తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

మూడు రోజులు ఆ పిల్ల మ్యాపు మీదే వంగి ఉంది. కుట్టుదారం ఒకటి మ్యాపు మీద పరిచి, వంపు వచ్చిన చోటల్లా గుండుసూది గుచ్చి, దూరం కొలిచింది. ఆషాఢం గాలి పడమటి నుంచి ఎదురు కొడుతుంది కదా, ఆ గాలి ఎంత వెనక్కి లాగుతుందో ఒక్కో ముక్కకూ విడిగా లెక్క వేసింది. పెన్సిలు గీతలు చెరిపి చెరిపి కాగితం ఒకచోట పలచబడిపోయింది. చివరికి మొదటి మజిలీకి రెండు చోట్లు మిగిలాయి. ఒకటి తిన్నగా పోయే దారిలో, ఉత్తర కర్ణాటకలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళ రన్‌వే. మూడు గంటల దూరం. రెండోది కాస్త ఉత్తరానికి ఒదిగి ఉన్న పెద్ద ఊరి విమానాశ్రయం. అటు పోతే మొత్తం ప్రయాణంలో నలభై నిమిషాలు ఎక్కువ. అక్కడికి ఫోన్ చేస్తే, పెట్రోలు చూసుకునే మనిషి పోయి కొలిచి వచ్చి, ఇన్ని లీటర్లు ఉంది అని చెప్పాడు.

గురువారం పొద్దున చీఫ్ సారు ముందర కూర్చునే చక్కెర ఫ్యాక్టరీకి ఫోన్ కలిపింది. అందరికీ వినపడేలా పెట్టింది. ఆమెతో పాటు నేర్చుకునే దువ్వూరు మహేష్ కూడా అక్కడే ఉన్నాడు. వాళ్ళది దువ్వూరులో పెద్ద సేద్యం, నలుగురూ వాళ్ళ నాయన మాట మీద నడిచే ఇల్లు. మహేష్ ప్లాన్ వేయలేదు. కుర్చీ వెనక్కి వంచి ఊగుతున్నాడు.

"ఎవురూ?" అంది అవతల గొంతు, తెలుగులో.

షాహిస్తా ముఖం విచ్చుకుంది. "జమ్మలమడుగు నుంచి మాట్లాడతాండా. విమానాల స్కూలు. నా పేరు షాహిస్తా, మాది పొద్దుటూరు."

"పొద్దుటూరా? మాది పులివెందల మ్మా. నారాయణ నా పేరు. ఈడ డ్రమ్ములు జూసుకునేది నేనే. పద్నాలుగేండ్లాయ వచ్చి, మన మాట మాట్లాడే మనిషే దొరకడు ఈడ. వానలు పడినాయా ఆడ?"

"యాడ మామా, ఉత్త గాలి. మామా, మీ కాడ విమానం పెట్రోలు ఉండాదా? రేపు మాదొకటి దిగల్ల ఆడ."

అవతల చెరుకు లారీ ఏదో హారన్ కొట్టింది.

"ఉంటాది లేమ్మా, రాండి."

"ఇప్పుడు ఉండాదా, డ్రమ్ములో?"

"రేపటికి గదా? ఉంటాది. మనోళ్ళు వస్తాంటే ఉండకుండా యాడికి పోతాది? సంగటి చేపిస్తా, తిని పోదురు."

చీఫ్ సారు బల్ల మీద అరచేత్తో తట్టాడు. "అయిపోయింది. తిన్నగా దారి, భోజనం కూడా. అక్కడే దిగుతున్నాం."

షాహిస్తా ఫోన్ పెట్టేసింది గాని పెన్సిలు కింద పెట్టలేదు. "వద్దు సార్. ఉత్తరం పక్క పోదాం. ఆయన దగ్గర పెట్రోలు లేదు."

"ఏంటమ్మా, ఉంటుందన్నాడుగా ఇప్పుడే."

"ఉంటాది అన్న్యాడు సార్. ఉండాది అనలా."

"రెండూ ఒకటేగా."

"కాదు సార్. ఉండాది అంటే కండ్ల ముందర ఉన్నట్టు. ఉంటాది అంటే, ఎవరన్నా తెచ్చిపోస్తే ఉంటాది. నేను రెండుసార్లు ఉండాదా అని అడిగినా. రెండుసార్లూ ఉంటాది అనే చెప్పినాడు."

చీఫ్ సారు నవ్వాడు. పెద్దగా, పక్క గది వాళ్ళకు కూడా వినపడేలా. "పాతికేళ్ళుగా ఎగురుతున్నానమ్మా నేను. మీ యాసకి వ్యాకరణం నేర్చుకోడానికి రాలేదు ఇక్కడికి. ఉండాదిట, ఉంటాదిట. ముందు అది తెలుగేనా అని."

ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. మహేష్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మహేష్. నీకు తెలీదా? మీ ఇంట్లో పాలు ఉంటాయి అంటే ఉన్నట్టా?"

మహేష్ కుర్చీ ఊగడం ఆపాడు. సారును చూశాడు, మ్యాపును చూశాడు. "నాకేం తెల్దు. మేం ఇంట్లో అట్ల మాట్లాడం," అన్నాడు. అట్ల మాట్లాడమని అట్లనే మాట్లాడి చెప్పాడు. తల్లి నోటి నుంచి వచ్చిన మాటను అంత సులభంగా దులిపేసుకున్నాడు, చొక్కా మీద దుమ్ములాగా.

"చూశావా? మీ ఊళ్ళ కుర్రాడే చెబుతున్నాడు. నీకు భయం పట్టుకుంది, అదీ సంగతి. భయపడే మనిషికి ఎడమ సీటివ్వను." చీఫ్ సారు మ్యాపు లాక్కుని చుట్టాడు. గుండుసూదులు రెండు రాలి కింద పడ్డాయి. "మహేష్, నువ్వు వస్తున్నావు."

మూడు రోజుల పని. చెరిపిన గీతలు, గాలి లెక్కలు, ఒక్కో చోటుకు చేసిన ఫోన్లు, అన్నీ ఆ చుట్టలో ఉన్నాయి. ఆయన ప్రయాణం కాగితం తీసి, ప్లాన్ వేసిన వారు అన్న చోట మహేష్ పేరు రాశాడు. తర్వాత దాన్ని షాహిస్తా ముందుకు తోశాడు. మొదటి మజిలీలో ఇంధనం ఉన్నట్టు ఖాయపరచినవారు అని ఒక గడి. "ఫోన్ చేసింది నువ్వేగా. ఇక్కడ సంతకం."

సీటు అతనికి, పూచీ ఈమెకు. షాహిస్తా ఆ గడిని చాలాసేపు చూసింది. కాగితమంతా ఇంగ్లీషు. ఆ గడిలో ఆమె తెలుగులో రాసింది, చిన్న అక్షరాలతో, నొక్కి నొక్కి: "ఉంటాది అన్నాడు. ఉండాది అనలేదు." కింద పేరు, టైము. చీఫ్ సారు చదవను కూడా చదవలేదు. గడి నిండింది, అది చాలు ఆయనకు.

ప్రొద్దుటూరులో హబీబుల్లా అప్పుడే లారీ దిగి వచ్చాడు. కనుబొమల మీద సిమెంటు ఇంకా పోలేదు. పెరట్లో తొట్టి దగ్గర మోచేతులు రుద్దుకుంటూ కూతురు చెప్పిందంతా విన్నాడు. తల్లి షాహీదాబీ రొట్టెలు కాలుస్తూ, ప్రతి రొట్టెకూ ఆ సారును ఒక తిట్టు తిడుతోంది.

"నువ్వు గమ్మునుండు," అన్నాడు భార్యతో. కూతురితో, "బేటా, డీజిల్ బంకుకు ఫోన్ చేస్తే నేనేం అడుగుతానో తెల్సా? ఉండాదా అని అడగను. పోయి కట్టె ముంచి జూసి, తడి యాడిదాకా వచ్చిందో చెప్పప్పా అంటా. కట్టె ముంచినోడు అబద్ధమాడలేడు. మళ్ళా చెయ్ ఆయనకు. పక్కన సారు ల్యాకుండా చెయ్."

చేసింది. నారాయణ మొదట సంగటి గురించి, పులివెందుల చీనీ, అంటే బత్తాయి, తోటల గురించి చెప్పాడు.

"మామా, నాకోసం ఒక పని చెయ్యి. డ్రమ్ములో కట్టె ముంచి, తడి ఎంతుందో చెప్పు."

"ఎందుకు లేమ్మా ముంచేది," అన్నాడు, గొంతు తగ్గించి. "పోయిన నెల్లోనే అయిపాయ. తెప్పిస్తాం అన్న్యారు ఆఫీసులో. తెప్పిస్తే ఉంటాది గదా అని చెప్పినా."

షాహిస్తా అప్పటికప్పుడే చీఫ్ సారుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మెసేజి పెట్టింది. ఆయన చూసినట్టు గుర్తు పడింది, జవాబు రాలేదు.

శుక్రవారం మొదటి బస్సుకే పోయింది. విమానం షెడ్డు బయట నిలబడి ఉంది. ఎడమ సీట్లో మహేష్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో తీసుకుంటున్నాడు.

"సార్, డ్రమ్ము ఖాళీ. రాత్రి ఆయనే చెప్పినాడు."

"పగలు ఉందన్నవాడు రాత్రికి లేదన్నాడా?" చీఫ్ సారు జేబులోంచి ఫోన్ తీశాడు. "నీ ముందే అడుగుతాను, ఉండు." కలిపాడు. "హలో, నేను చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని మాట్లాడుతున్నాను. మేం వస్తున్నాం. ఫ్యూయెల్ ఉంటుందా?"

ఉంటుందా అని అడిగితే నారాయణ మాత్రం ఏమంటాడు. అంత పెద్ద గొంతుకు, అంత పెద్ద పేరుకు, "ఉంటాది సార్, ఉంటాది. మీరు రాండి సార్," అన్నాడు.

చీఫ్ సారు ఫోన్ జేబులో వేసుకున్నాడు. "విన్నావుగా. సీటు పోయిందని ఇంత దిగజారుతావనుకోలేదు షాహిస్తా."

ఆ పిల్లకు పళ్ళు బిగిసిపోయి దవడ నొప్పి పుట్టింది. అబద్ధాలకోరు అనిపించుకోవడం కన్నా, నిజం చెప్పి అనిపించుకోవడం ఎక్కువ మండుతుంది. ఏడుపు వచ్చేది కాదు ఆ మంట. చేతులకు ఏదో ఒక పని కావాలి, లేకపోతే ఏదో ఒకటి విరుగుతుంది.

ఆ రోజు పెట్రోలు చూసే వంతు ఆమెదే. నిచ్చెన తెచ్చి రెక్క మీదికి వంగింది. కొలకట్టె ముంచి చూసింది. తండ్రి చెప్పినట్టు, తడి ఎక్కడి దాకా వచ్చిందో వేలి గోరుతో పట్టుకుంది. వేలెడు తక్కువ ఉంది. గొట్టం పెట్టి, అగ్గిపుల్ల పట్టేంత ఖాళీ కూడా లేకుండా పోసింది. మూత బిగించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లాగి చూసింది. దిగి, ట్యాంకు అడుగున సీసా పెట్టి కాస్త వంపి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. లేత నీలం. నీటి చుక్క లేదు. రెండో రెక్కకూ అంతే చేసింది. లోపల కూర్చున్నవాళ్ళ మీద ఎంత కోపం ఉన్నా, పనిలో ఒక్క చుక్క తగ్గించలేదు.

విమానం గాలికి ఎదురుగా లేచి పడమటికి పోయింది. ఆ పిల్ల నిచ్చెన మడిచి షెడ్డులో పెట్టి, టైము చూసుకుని, మూడు గంటలూ అక్కడే మెట్టు మీద కూర్చుంది.

వాళ్ళు క్షేమంగానే దిగారు. దిగాక నారాయణ డ్రమ్ములో కట్టె ముంచితే పొడిగా వచ్చింది. విమానంలో మిగిలింది ఒక గంటది. అందులో ముక్కాలు గంట ముట్టుకోరానిది. పావుగంటలో పోగలిగిన చోటల్లా చెరుకే.

సాయంత్రానికి ఆఫీసులో కబురు ఎలా తిరిగిందంటే, షాహిస్తా ఉందని సంతకం పెట్టింది, అక్కడ లేదు, ఆమె వల్లే విమానం ఇరుక్కుపోయింది. చీఫ్ సారు ఫోన్లో చెప్పిన మాట అదే. శనివారం ఆమెను పిలిపించారు. స్కూలు యజమాని వచ్చాడు, జమ్మలమడుగులోనే పుట్టి పెరిగిన ముసలాయన. కాగితం తెప్పించాడు.

"నువ్వేనా ఖాయం చేసింది?"

"ఏం రాసినానో మీరే సదవండి సార్."

ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, ఇంగ్లీషంతా దాటి, ఆ తెలుగు ముక్క దగ్గర ఆగాడు. పైకి చదివాడు. మళ్ళీ చదివాడు. రెండోసారి చదువుతున్నప్పుడు ఆయన గొంతులో ఊరి మాట వచ్చేసింది. "ఉంటాది అన్న్యాడా?"

"అవును సార్."

"మరి ఉండాది అనలేదు గదా?"

"అనలా సార్."

"ఇంత స్పష్టంగా చెప్తే ఎట్ల పోయినాడప్పా ఆ మనిషి," అని కాగితం కింద పెట్టాడు. "ఆ మహేష్ కడుపునొప్పని నిన్ననే కారు తెప్పించుకుని వచ్చేసినాడంట. ఇద్దరు ల్యాకుండా ఆ విమానం కదలగూడదు. నువ్వు పో ఆడికి, ఆ సీట్లోకి."

షాహిస్తా లేవలేదు. "ప్లాన్ మహేష్ పేరు మీద ఉండాది సార్. అది నేనేసింది. నా పేరు మీదుంటే పోతా. ల్యాకుంటే ఆ విమానాన్ని ఆన్నే ఉండనీండి."

ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. బెదిరింపు కాదని అర్థమైంది. పెన్ను ఆమె వైపు దొర్లించాడు. మహేష్ పేరు మీద ఒకే ఒక్క గీత గీసింది, స్కేలు పెట్టి, తిన్నగా. పక్కన తన పేరు రాసింది.

బళ్ళారి మీదుగా బస్సులు మారి సోమవారం పొద్దునకు చక్కెర ఫ్యాక్టరీ చేరింది. తండ్రి కూడా వచ్చాడు. ఆమె ముందే చెప్పిన ఆ ఉత్తరపు ఊరి నుంచే పెట్రోలు వ్యాను వచ్చి ఉంది. నారాయణ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. బక్కపలచని మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

"మామా, నీ నోట్లో లేదు అనే మాటే రాదా?"

"ఇంట్లో ఉప్పయిపోతే లేదంటామా మ్మా? నిండుకుండాది అంటాం. సొంతూరి బిడ్డ అడిగితే లేదని ఎట్లనేది?"

"ఉప్పు ల్యాకుంటే పప్పు సప్పగుంటాది మామా. ఇది ల్యాకుంటే కింద పడతాం."

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు కట్టె ముంచమన్నప్పుడే సిగ్గయిపాయ మ్మా." హబీబుల్లా చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇద్దరు మగవాళ్ళూ వ్యాను దగ్గరికి నడిచి గొట్టం విప్పడానికి చేయి వేశారు.

షాహిస్తా వడకట్టు పెట్టి పోసింది, ముంచి చూసింది, వంపి చూసింది. చీఫ్ సారు మూడు రోజుల గడ్డంతో రెక్క నీడలో నిలబడి అంతా చూశాడు. ఆమె ఎడమ తలుపు తెరిచి ఎక్కి కూర్చుంది. ఆయన కుడివైపు ఎక్కాడు. ఎంతసేపటికీ ఆమె ఇంజను తిప్పలేదు.

"ఏంటి?" అన్నాడు.

"తర్వాత దిగే చోటుకు ఫోన్ చేయల్ల. మీరు చేయండి సార్."

"నువ్వు చేస్తే..."

"నేను చేస్తే మీరు వినరు గదా."

ఆయన కలిపాడు. అవతలి మనిషిది హిందీ. పెట్రోలు ఉందా అని ఆయన అడిగాడు. "హో జాయేగా సాబ్," అన్నాడు అవతలి మనిషి, అయిపోతుందిలే అని, ఎంతో మర్యాదగా. "ఆప్ ఆజాయియే. హో జాయేగా."

చీఫ్ సారు థాంక్యూ అనబోయి ఆగిపోయాడు. ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, ముందు అద్దంలోంచి చెరుకు తోటను చూస్తూ ఉండిపోయాడు. ఆ మాటలు లోపలికి దిగడానికి అంతసేపు పట్టింది. తర్వాత ఫోన్ కట్ చేసి, ఆమె వైపు తిరగకుండానే చెప్పాడు.

"ఉంటాది అంటున్నాడు."

ఉంటుంది అనలేదు. ఉంటాది అన్నాడు. ఆ కాకినాడ నోటికి ఆ మాట కొత్త గనక కాస్త వంకరగానే వచ్చింది.

షాహిస్తా నవ్వలేదు. ఆమె కోపం అంత చవకది కాదు, ఒక్క మాటతో తీరడానికి. ఆయన క్షమించమని అడగలేదు, ఆమె అడగమని అనలేదు. మ్యాపు విప్పి, సగం తన ఒళ్ళోను సగం ఆయన మోకాళ్ళ మీద పరిచింది. యాభై కిలోమీటర్లు పక్కకున్న ఇంకో చోటు మీద వేలు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ వేలి కింద ఉన్న పేరు చదివి, ఆ నంబరు కలిపాడు.

పిల్లలూ, ఇదంతా గుర్తుంటుందా? మీ వాళ్ళకు మీరు చెప్పాలి మరి. విమానం రంగు మరిచిపోయినా పరవాలేదు, ఊళ్ళ పేర్లు ముందు వెనకలైనా పరవాలేదు. ఆ రెండు మాటలు మాత్రం కలిపేయకండి. ఒక్కోటి విడివిడిగా పలికి, విన్నవాళ్ళ చేత కూడా పలికించి, అప్పుడు వదలండి.